సగం మడత లెక్క

మొన్న మా మనవరాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఏదో ప్రవేశ పరీక్ష కోసం లెక్కలు చేసుకుంటోంది. పెన్సిలు కొరుకుతోందే గానీ రాయడం లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్క నుంచి చూశాను. ఒక రూటు గుర్తు. దాని కింద ఇంకో రూటు. దాని కింద మరోటి.

"ఇవి నీకు తెలీవులే నానమ్మా" అంది.

"తెలుసు" అన్నాను.

నవ్వింది. నాకు కోపం రాలేదు. పదిహేనేళ్ళు వస్తుండగా అక్షరాలు నేర్చుకున్న మనిషిని నేను. ఇప్పటికీ కరెంటు బిల్లు చదవాలంటే వేలు పెట్టి చదువుతాను. అలాంటిది రూటు కింద రూటు తెలుసంటే ఎవరైనా నవ్వుతారు. కానీ తెలుసు. ఎలా తెలుసో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

మాది సముద్రం మీద బతికిన ఇల్లు. అయ్య ఫిషింగ్ హార్బర్లో మరబోటు మీద పనిచేసేవాడు. అమ్మ తెల్లారకముందే అక్కడ వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని పాత ఊరి సందుల్లో అమ్మేది. అన్నని బడికి పంపారు. నన్ను పంపలేదు. పంపాలని ఎవరికీ తోచలేదు, అంతే. దాన్ని అందంగా చెప్పడం నాకు చేతకాదు. పదకొండో ఏట అమ్మ నన్ను తన దగ్గర చేపలు కొనే ఒక సాయిబు గారి బైండింగు గదిలో పనికి పెట్టింది.

ఆ గది ఒక ప్రెస్సు వెనక ఉండేది. ముందు గదిలో అచ్చు మిషను దడదడా కొట్టుకునేది. వెనక గదిలో మేం నలుగురు ఆడపిల్లలం కాగితాలు మడిచేవాళ్ళం. పోర్టులో ఓడ కూత వేస్తే కిటికీ అద్దం సన్నగా వణికేది. ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం దుమ్ము గాలికి ఎగిరొచ్చి కిటికీ గట్టు మీద ఎర్రగా పేరుకునేది. పొద్దున్నే తడిగుడ్డతో బల్ల తుడవడం నా మొదటి పని. తుడవకపోతే తెల్ల కాగితం మీద మా వేళ్ళే ఎర్రగా అచ్చు పడేవి. మూలనున్న పొయ్యి మీద మైదా జిగురు ఉడికేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసేవారు. ఉడికే పిండి వాసన, సిరా వాసన, కొత్త కాగితం వాసన మూడూ కలిసి ఆకలి పుట్టించేవి. ఒకసారి తుత్తం వెయ్యకముందు ఆ జిగురు వేలితో తీసుకుని నాకి చూశాను. ఉప్పు లేదు.

సాయిబు గారు పొట్టిగా ఉండేవారు. తెల్లగడ్డం, చెవి మీద పెన్సిలు. పనిలోకి దిగేముందు మా చేతులు వాసన చూసేవారు.

"ఏం బేటీ, ఎండ్రొయ్యలా?"

"కాదండి, నెత్తళ్ళు."

"సబ్బుతో రెండుసార్లు కడుక్కో. లేకపోతే ఈ పుస్తకం కొన్నోడి కంటే ముందు వాడి పిల్లి చదువుతుంది."

అలా అనేవారే గానీ, మా అమ్మ వండిన నెత్తళ్ళూ వంకాయ కూర కోసం ఆయన ఇంట్లోంచి మధ్యాహ్నం గిన్నె వచ్చేది. మర్నాడు ఆ గిన్నెలోనే మాకు పుల్లటి పప్పు వచ్చేది. నెత్తళ్ళ వాసన అంటిన ఆ పప్పంత రుచి నేను ఇంకెక్కడా చూడలేదు.

మా పని సంగతి కొంచెం చెప్పాలి, అది తెలియకపోతే తరవాతది తెలియదు. పెద్ద కాగితం మీద ఒకవైపు ఎనిమిది పేజీలు, వెనకవైపు ఎనిమిది పేజీలు అచ్చేస్తారు. దాన్ని ఫారం అంటారు. సగానికి మడవాలి. మళ్ళీ సగానికి. మళ్ళీ సగానికి. మూడు మడతలు. ప్రతి మడత మీదా వెదురు బద్దతో గట్టిగా గీయాలి. అప్పుడు పదహారు పేజీలు ఒకదాని వెనక ఒకటి వరసలో కూర్చుంటాయి. ఇలాంటి ఫారాలు దొంతర పెట్టి కుడితే పుస్తకం.

విప్పి ఉన్న ఫారంలో ఒక వరస పేజీలు నేరుగా ఉంటాయి, రెండో వరస తలకిందులుగా ఉంటాయి. నేను అక్షరాలు నేర్చుకున్నది ఒకటో తరగతి వాచకం తాలూకు పాడైన ఫారం మీద. నేరుగా ఉన్న వరస అన్న చెప్పి వెళ్ళిపోయాడు. రెండో వరస ఎవరూ చెప్పలేదు, నేను ఉన్నదున్నట్టే నేర్చేసుకున్నాను. పలక మీద నా 'మ' చూసి అన్న, "ఇదేటే, బోర్లా పడ్డ తెప్పలాగుంది?" అన్నాడు. అది సరి చేసుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. కానీ పుస్తకం ఎటు తిప్పి పెట్టినా చదవగలగడం నాకు మిగిలిపోయింది.

అల్లరి కూడా చేశాం. పద్యాల పుస్తకం అచ్చేయించుకున్న ఒక పెద్దమనిషి మా గదిలోకి వచ్చినప్పుడల్లా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ఆయన ఇంటికి తీసుకెళ్ళే పుస్తకంలో రెండు పేజీలు జిగురు పెట్టి అతికించేశాను. ఇప్పటికీ దానికి నాకు పశ్చాత్తాపం లేదు.

అసలు సంగతి మా అన్నది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, బోటెక్కితే కక్కుకునేవాడు. హార్బర్లో అయ్యని అందరూ ఆటపట్టించేవారు.

"ఏరా బావా, నీ కొడుకు ఇయ్యాల కూడా సేపలకి మేతేసినాడా?"

"ఏసినాడు. నీ వలలో బలిసినవన్నీ ఆడి మేత తిన్నవే."

అయ్య అక్కడ నవ్వేవాడు. ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదు. ఒకసారి నాలుగు రోజుల వేటకి అన్నని తీసుకెళ్ళారు. మూడో రోజుకి కడుపులో మంచినీళ్ళు కూడా నిలవలేదట. టార్పాలిన్లో చుట్టి ఒడ్డున దింపారు. పెదాలు పగిలిపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి. ఆ రోజు అమ్మ గంప ఎత్తలేదు.

తరవాత అన్న ఐటీఐ చదివాడు. ఊరికి అవతల కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టర్ పనికి పరీక్ష పెట్టారు. ఒకసారి రాసి లెక్కల్లో తప్పాడు. మళ్ళీ పిలిచారు. అయ్య కూర్చోబెట్టి చెప్పేశాడు.

"ఇదే ఆకరు. బోటు ఓనరు నీ సోటు ఎవలికీ ఇవ్వకుండా అట్టిపెట్టినాడు. ఎన్నాళ్ళని అట్టిపెడతాడు? ఈపాలి తప్పితే బోటెక్కాల."

"నానెక్కితే సచ్చిపోతానయ్యా."

"నీకు నేర్పడానికి నాకింకో పని తెల్దు గదరా" అన్నాడు అయ్య. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అప్పుడే మా ప్రెస్సుకి ఇలాంటి పరీక్షల కోసమే ఒక కాలేజీ లెక్చరరు రాసిన లెక్కల గైడు అచ్చుకొచ్చింది. ఫారం వెనక ఫారం అచ్చయి మా బల్ల మీదికి వస్తోంది. మరకలు పడ్డ ఫారాలు సాయిబు గారు అన్నకిచ్చారు. అన్న మా గదిలోనే కాగితం కట్టల మీద కూర్చుని చదివేవాడు. ఇబ్బందల్లా ఒకటే. ప్రశ్నలు ముందు ఫారాల్లో ఉన్నాయి. జవాబులు చివరి ఫారంలో. అది ఇంకా అచ్చు కాలేదు.

మిగతా లెక్కలన్నీ చేసుకుపోయాడు. రూట్ల దగ్గర ఆగిపోయాడు. పదహారుకి రూటు నాలుగు, ఎందుకంటే నాలుగు నాలుగులు పదహారు. అంతవరకూ వచ్చు. రూటు కింద రూటు పెట్టినా, అంకె నెత్తిన సగం అనో ముప్పాతిక అనో వేసినా బుర్ర తిరిగిపోయేది.

"రెండు నెత్తిన మూడుంటే రెండుని మూడుసార్లు ఎయ్యమని. ఏస్తాను. సగం ఉంటే? సగంసారి ఎలాగెయ్యాలే?" అని నా మీద అరిచాడు.

"మూడుసార్లు ఎయ్యడమంటే ఏటి?"

"రెండు, నాలుగు, ఎనిమిది. ఎప్పటికప్పుడు రెట్టింపు."

"మడతలే గదా" అన్నాను. "ఒక్కో మడతకీ రెట్టింపవుద్ది. నెత్తినున్నది ఎన్ని మడతలో సెప్తాది. రూటంటే ఆ మడతల్లో సగమే పెట్టమని."

అన్న ఆగాడు. "అలగైతే పదహారు ఎన్ని మడతలు?"

"మూడు." ఆలోచించనే లేదు. నాలుగేళ్ళుగా పదహారు పేజీలకి మూడు మడతలే పెడుతున్నాను.

"నాలుగు?"

"ఒకటి."

"మూడులో సగం ఒకటా? ఏలిముద్ర దానివి ఏలిముద్రలాగుండు. నా బుర్ర తినకు."

పక్క పిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళలో నేను ఒక్క ఫారం తప్పు మడవలేదు. మడతల లెక్క తప్పడమేమిటి?

రెండు రోజుల తరవాత ఒక డాక్టరు గారి మందుల చీటీల ప్యాడ్లు కట్టడానికి వచ్చాయి. ఒకవైపే అచ్చు, వెనక ఖాళీ. కట్ట చూపించి సాయిబు గారు ఎన్ని అని అడిగారు. అలవాటుగా పేజీలు చెప్పాను.

"దీనికి పేజీలెక్కడివి బేటీ? వెనక ఏమైనా ఉందా? ఆకులు లెక్కపెట్టు, ఆకులు."

బద్ద నా చేతిలో ఆగిపోయింది. మడవని కాగితానికి కూడా పేజీలు రెండు, ముందొకటి, వెనకొకటి. నేను మడత మొదలుపెట్టకముందే ఒక రెండు వచ్చి లెక్కలో కూర్చుంది. రెండు వైపులా కలిపితే ఒక ఆకు కాబట్టి, ఆకులు లెక్కపెడితే మడవనప్పుడు ఒకటే. ఒక మడతకి రెండాకులు, రెండు మడతలకి నాలుగు, మూడింటికి ఎనిమిది, నాలుగింటికి పదహారు. నాలుగులో సగం రెండు. రెండు మడతలకి నాలుగాకులు!

అన్న రాగానే చెప్పాను. నమ్మలేదు. పెన్సిలు తీసుకుని తనే చేశాడు. అరవై నాలుగంటే ఆరు మడతలు, సగం మూడు, మూడు మడతలకి ఎనిమిది. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. అరవై నాలుగు నెత్తిన మూడింట రెండు వంతులుంటే, ఆరు మడతల్లో నాలుగు, పదహారాకులు. రూటు కింద రూటు అంటే సగంలో సగం.

"నెత్తిన సున్నా ఉంటే జవాబు ఒకటని మా సారు బట్టీ పట్టించినాడు. ఎందుకో సెప్పనేదు" అన్నాడు.

"మడవకపోతే ఒక ఆకే గదా."

అన్న తల గోక్కున్నాడు. "మరి ఎనిమిదికి రూటు? మూడు మడతల్లో సగం, ఒకటిన్నర. సగం మడత ఎలా పెడతావు?"

"పెట్టలేను. కానీ అది రెండుసార్లు పెడితే ఒక మడతవ్వాల. అంతే."

మూల నుంచి సాయిబు గారు అందుకున్నారు. "సగం మడత పెట్టిన ఫారం నా బల్ల మీద కనిపించిందా, అన్నాచెల్లెళ్ళిద్దరూ వీధిలో ఉంటారు."

గైడులో అన్నింటికంటే మొండి లెక్క ఒకటి ఉంది. ఒక రూటు కింద రెండు. ఆ రెండు పక్కనే దాన్ని గుణిస్తూ ఇంకో రూటు. దాని కింద రెండు. పక్కన మళ్ళీ రూటు. దాని కింద ఒంటరిగా ఒక రెండు. అన్న దాని చుట్టూ వారం తిరిగాడు.

"లోపల్నుంచి రా" అన్నాను. "ఒంటరి రెండు ఒక మడత. దాని రూటు సగం మడత. పక్కనున్న రెండుతో గుణిస్తే ఆకులు రెట్టింపు, అంటే ఇంకో మడత కలిసింది. ఒకటిన్నర. దాని రూటు ముప్పాతిక. పక్కన మళ్ళీ రెండుంది, ఇంకో మడత. ఒకటీ ముప్పాతిక. అందులో సగం తియ్యి."

అన్న రాసి చూశాడు. "ఎనిమిది భాగాల్లో ఏడు. రెండు నెత్తిన ఏడు బై ఎనిమిది." పెన్సిలు కింద పెట్టాడు. "రైటేనంటావా?"

"రైటే."

"జవాబుల ఫారం ఎప్పుడొస్తాది?"

"నీ పరీచ్చ అయ్యాక."

పరీక్షకి నా మాట ఒక్కటి పట్టుకుని వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు వీధి మొదట్లోంచే అరుస్తున్నాడు. "అదే ఇచ్చినారే! ఉన్నదున్నట్టు అదే! ఇంకా మూడు రూట్ల లెక్కలిచ్చినారు. నాలుగూ మడతలతోనే సేసినాను." అమ్మ వాడికి రొయ్యల పులుసు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది.

పది రోజులకి జవాబుల ఫారం బల్ల మీదికి వచ్చింది. మొదటి మడత పెట్టకముందే ఆ లెక్క నెంబరు వెతికాను. రెండు నెత్తిన ఒకటి బై ఎనిమిది అని ఉంది.

వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఒకటి బై ఎనిమిది. అన్నకి చెప్పలేదు. దాచాను. ఆ రెండు రోజులూ వాడు వచ్చేసరికి ఆ ఫారాలు వేరే కట్ట కింద పెట్టాను. మూడో రోజు అన్నే వచ్చి బల్ల మీద చూసేశాడు. కట్టల మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"మూడు రూట్లు. సగంలో సగంలో సగం. ఎనిమిదో వంతు. పుస్తకం రైటే" అన్నాడు. "నీ మాట పట్టుకుని నాలుగు లెక్కలూ పోగొట్టుకున్నాను. ఎళ్ళి అయ్యకి సెప్పు, నాను బోటెక్కుతానని."

"అచ్చు తప్పు" అన్నాను.

"అచ్చేసినోడికంటే నీకెక్కువ తెలుసా? నిన్న గాక మొన్న నీకు అఆలు నాను సెప్పినాను."

అచ్చులో ఉన్నది తప్పనడానికి నాకు అలవాటు లేదు. కానీ ఆ సాయంత్రమంతా ఖాళీ కాగితం మడిచి విప్పుతూ కూర్చుంటే ఒక్క సంగతి తేలింది. అది గట్టిగా పట్టుకున్నాను.

మరుసటి రోజు ఆ లెక్చరరు గారు పుస్తకం ఎంతవరకూ వచ్చిందో చూసుకోవడానికి వచ్చారు. సాయిబు గారు ముందే కళ్ళెర్ర చేశారు. "నువ్వు మాట్లాడకు బేటీ. పెద్ద గిరాకీ." నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఇందులో ఒక జవాబు తప్పుంది."

ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు. "నువ్వేం చదివావమ్మా?"

"ఫారాలండి."

మిషను దగ్గరివాళ్ళు కూడా పని ఆపేశారు. నేను ఆ లెక్క చూపించాను. "పైనున్న పెద్ద రూటు కిందే ఒక రెండుందండి. ఆ రెండొక్కటే సగం మడత తెస్తాది. లోపలున్నవి దానికి కలుస్తాయి గానీ తియ్యవు గదా. మరి అన్నీ కలిపి సగం కంటే తక్కువ, ఎనిమిదో వంతు ఎలా వస్తాదండి?"

ఆయనకి మడతంటే అర్థం కాలేదు. కాగితం తీసుకుని మడిచి చూపించాను. లోపల్నుంచి బయటికి వచ్చేసరికి ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. పెన్ను తీసి తన పద్ధతిలో తను చేసుకున్నారు. తరవాత ప్రెస్సు యజమాని వైపు తిరిగి, "నా రాతప్రతి పట్రండి" అన్నారు.

రాతప్రతిలో ఏడు బై ఎనిమిది ఉంది. ఆ రెండు భిన్నాల సీసం అచ్చులూ పక్కపక్క గళ్ళలో ఉంటాయి. కూర్చినతని చెయ్యి పక్క గడిలో పడింది, అంతే.

పరుగున ఇంటికెళ్ళి అన్నకి చెప్పాను. వాడు గోడకి ఆనుకుని, "అయ్యకింకా సెప్పనేదు గదా?" అన్నాడు. చెప్పలేదన్నాను.

ఫారాలన్నీ అప్పటికే అచ్చయిపోయాయి కాబట్టి చిన్న చీటీ ఒకటి వేసి ప్రతి పుస్తకంలో అంటించమన్నారు. ఫలానా పేజీలో ఫలానా లెక్కకి జవాబు ఇలా సరిచేసి చదువుకోవలెను అని. ఆ అంటించే పని నాకే ఇచ్చారు. వారం పట్టింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అన్న గదిలోకి వచ్చాడు. నోటీసు బోర్డులో తన నెంబరు ఉందని చెప్పడానికి వేళ్ళతో గాల్లో నెంబరు రాశాడు. తరవాత నా పక్కన కూర్చుని చీటీలు అంటించడం మొదలుపెట్టాడు. ఒక్కటీ తిన్నగా పెట్టలేదు. వాడు వెళ్ళాక అన్నీ మళ్ళీ తీసి అంటించాను.

అయ్య చొక్కా వేసుకుని హార్బరుకి వెళ్ళి, "ఆ సోటు ఇంకెవలికైనా ఇచ్చేయండి" అని ఓనరుకి చెప్పి వచ్చాడు. ఆ రాత్రి తొందరగా నిద్రపోయాడు.

ఆ నాలుగు లెక్కలతోనే అన్నకి ఉద్యోగం వచ్చిందని నేననను. మిగతావి వాడే చేసుకున్నాడు. ఉద్యోగం చేసి, రిటైరయి, హాయిగా ఉన్నాడు. మళ్ళీ బోటెక్కలేదు. నన్ను మాత్రం ఏ పరీక్షకీ ఎవరూ కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టమని అడగొచ్చని నాకూ తెలియదు. పెళ్ళయ్యేదాకా ఫారాలు మడిచాను. సాయిబు గారు పోయారు. ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు. సీసం అచ్చులు ఏ పాత సామాన్ల కొట్టుకి పోయాయో తెలియదు.

ఆ చీటీ మాత్రం బాగా గుర్తుంది. వేలెడంత కాగితం, మూడు పంక్తులు. అంటించేముందు ప్రతిసారీ చదివేదాన్ని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. కింద ఎవరి పేరూ లేదు. ఉండాలని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.